పిల్లలూ – మనమూ : పాఠం ఎవరికి?

కిందటి శుక్రవారం ఊరికి ఫోను చేశాం. అలవాటు ప్రకారం ముందు మేమే అందుకుని, మావాడికి లెక్కల్లో 96 వచ్చిన సంగతి అమ్మకు చెప్పాం. తరువాత ఫోను వాడికిచ్చాం. "నాయనమ్మా, సైన్సులో 92" అన్నాడు. "సరేగానీ, అన్నం తిన్నావురా?" అని ఆవిడ అడిగేసరికి ఏం మాట్లాడాలో తోచక, ఫోను మా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

కోప్పడబోయి ఆగాం. ఎప్పుడో చదివిన చార్లెస్ డికెన్స్ నవల ‘హార్డ్ టైమ్స్’ గుర్తుకొచ్చింది. 1854లో వచ్చిన ఆ నవలలో గ్రాడ్‌గ్రైండ్ అనే పెద్దమనిషికి బడిలోనైనా ఇంట్లోనైనా లెక్కకందే విషయాలే చదువు. సర్కసులో గుర్రాల మధ్య పెరిగిన సిస్సీ, గుర్రమంటే ఏమిటో నిర్వచించలేక నిలబడిపోతుంది. బిట్జర్ అనే కుర్రాడు గుర్రానికెన్ని పళ్ళో సహా గడగడా అప్పజెప్పి మెప్పు పొందుతాడు.

తీరా ఏమయింది? పెద్దాయన కూతురి కాపురం చెడింది. కొడుకు బ్యాంకు సొమ్ము దొంగిలించాడు. వాణ్ణి వదిలెయ్యమని తండ్రి బతిమాలితే, పట్టుకున్న బిట్జర్ తన లాభనష్టాలు లెక్కచెప్పాడే గాని కరగలేదు. ఆదుకున్నది ఆ సర్కసువాళ్ళే!

అదే విక్టోరియా రాణి కాలంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘రాజశేఖర చరిత్రము’ రాశారు. 1878లో ‘వివేకవర్ధని’లో మొదలై, 1880లో పుస్తకంగా వచ్చింది. అందులో రాజశేఖరుడు ముఖస్తుతులకు పొంగిపోయి, బంగారం చేసి పెడతానన్న బైరాగిని నమ్మి ఉన్నది పోగొట్టుకుంటాడు. 1874లోనే ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టిన పంతులుగారు, నవలలో మాత్రం ఇంటి యజమానికే పాఠం చెప్పారు. డికెన్స్ కథలోనూ చివరకు బుద్ధి తెచ్చుకోవలసి వచ్చింది తండ్రికే.

చదువులు తగ్గించమని కాదు మా ఉద్దేశం. మార్కులు లేనిదే సీటు రాదని మాకూ తెలుసు. మనం మస్కట్ చేరింది ఆ మార్కుల పుణ్యానే. కానీ ఇక్కడ మన ఇళ్ళలో తాతయ్యలు, బామ్మలు లేరు. పలకరింపు, ఆపేక్ష పిల్లలు చూసి నేర్చుకోవాలంటే ఎదురుగా ఉన్నది మనమే. మనం ముందుగా ఏది చెబుతామో వాళ్ళకు అదే పెద్దది. మావాడు తన మార్కులు చెప్పడం నేర్చింది మా దగ్గరే కదా!

వచ్చే శుక్రవారం ఫోను ముందు వాడికే ఇస్తాం. మాటలు దొరక్క నిలబడితే పక్కన కూర్చుని నేర్పుతాం. నేర్పేటంత మాకు గుర్తుందో లేదో ఆ రోజు తెలుస్తుంది.