నా తరం కాదు

మా వీధిలో ఉండే ఒక తల్లి మొన్న కూతురి కాలేజీ నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చింది. పేరెంట్స్ మీటింగ్ అయిందట. మార్కులు బాగానే ఉన్నాయి, హాజరుకూ వంక లేదు. అయినా కౌన్సెలర్ పక్కకు పిలిచి, “మీ అమ్మాయి పీర్ గ్రూప్‌తో మింగిల్ కావట్లేదమ్మా, కొంచెం చూసుకోండి” అని చెప్పిందట. తార్నాక సిగ్నల్ నుంచి మా గుమ్మం దాకా ఆవిడ ఆ ఒక్క మాటే మోసుకొచ్చింది. మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తే తాగకుండా అలాగే పట్టుకుని అడిగింది: “దానికేమన్నా అయిందంటారా?”

ఆ అమ్మాయికి 16 ఏళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఫోన్ ఉంది గానీ ఇన్‌స్టా లేదు. ఆదివారం పొద్దున సీతాఫల్‌మండిలో ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారి ఇంటికి వెళ్తుంది. అమ్మాయి వాళ్ళింట్లో ముత్తాత నాటి సందుగ ఒకటుంది. ఆ ముత్తాత 1940ల్లో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. సందుగ నిండా ఉర్దూ కాగితాలు: రసీదులు, నకళ్ళు, రెండు కెమిస్ట్రీ నోటు పుస్తకాలు. ఇంట్లో ఒక్కరికీ చదవరాదు. దసరాకు ఇల్లు దులుపుతూ పాతసామాన్ల వాడికి వేసేద్దామనుకుంటే ఈ పిల్ల అడ్డం పడింది. అందులో ఏముందో నేను చదువుతానంది, నేర్చుకోవడం మొదలుపెట్టింది. జరిగింది ఇంతే.

దీనికి మనవాళ్ళు పెట్టిన పేర్లు చూడండి. ముసలి ప్రాణం. నలుగురిలో కలవదు. ఈ కాలం పిల్ల కాదు. వయసుకు తగ్గట్టు ఉండదు. చుట్టాలు నవ్వుతూ అంటారు, కాలేజీవాళ్ళు ఇంగ్లీషులో అంటారు. అందరి మనసులోనూ ఉన్నది ఒకటే నమ్మకం: తరం అనేది ఒక గుంపు, పుట్టిన సంవత్సరాన్నిబట్టి ప్రతి పిల్లకూ అందులో ఒక చోటుంటుంది, ఆ చోట ఇమడకపోతే లోపం పిల్లలోనే ఉంది. ఈ నమ్మకం తప్పు. పిల్లలను గాయపరిచే తప్పు కాబట్టి దీన్ని మర్యాదగా పక్కన పెట్టి ఊరుకోలేను.

మన పెద్దవాళ్ళే నేర్పారు కదా, నలుగురితో నారాయణ అని. ఊరంతా ఒక్క చెరువు మీద బతికిన రోజుల్లో ఆ మాటకు పనుంది. నాటుకైనా కోతకైనా నలుగురూ కలవకపోతే గడవదు. కానీ ఆ నలుగురిలో తాత ఉన్నాడు, మేనత్త ఉంది, పాలేరు ఉన్నాడు, పొరుగింటి పసివాడూ ఉన్నాడు. నలుగురంటే ఒకే ఏడు పుట్టిన నలుగురని ఆ సామెత ఎక్కడా చెప్పలేదు. ఆ అర్థం మనం తర్వాత తగిలించాం.

ఒకే ఈడు పిల్లలను ఒకచోట చేర్చి, వాళ్ళ మధ్యే పొద్దంతా గడపమనడం మనిషి చరిత్రలో చాలా కొత్త ఏర్పాటు. టీనేజ్ అనే మాటే మన అమ్మమ్మలకు తెలియదు. అమెరికాలో స్టాన్లీ హాల్ అనే మనస్తత్వవేత్త కౌమారం మీద 2 సంపుటాల పెద్ద పుస్తకం వేసింది 1904లో. టీనేజర్ అన్న మాట అక్కడి బజారులో ఊపందుకుంది 1940ల్లో. ఇప్పుడు మన పేపర్లు జెన్ జీ అని రాస్తుంటే అదేదో కులంలాగా, పుట్టుకతో అంటుకునేదిలాగా వినిపిస్తోంది. ఫలానా తరానికి ఓపిక లేదు, ఫలానా తరానికి పుస్తకం పట్టదు అంటూ తీర్పులు చెప్పేస్తున్నాం. ఆ తీర్పులో పడని పిల్ల కనబడితే తీర్పును అనుమానించం, పిల్లను అనుమానిస్తాం.

తరం మీద గట్టిగా ఆలోచించినవాడు కార్ల్ మాన్‌హైమ్. 1928లో ఆయన రాసిన వ్యాసాన్ని ఈ విషయం చదివేవాళ్ళు ఇప్పటికీ దాటిపోలేరు. ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన ఒక్కటైపోరని ఆయన తేల్చి చెప్పాడు. ఒకే సంఘటన ఎదురైనా ఒకే వయసువాళ్ళు వేరువేరు జట్లుగా, ఒక్కోసారి బద్ధ విరోధులుగా విడిపోతారన్నాడు. దీనికి జర్మనీ దాకా పోనక్కర్లేదు. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఉస్మానియా క్యాంపస్ ఉంది. అక్కడ ఏ దశాబ్దాన్ని తీసుకున్నా ఇదే కనిపిస్తుంది.

1938 చివర్లో ఉస్మానియా హాస్టళ్ళలో వందేమాతరం పాడొద్దన్నారు. పాడతామన్నవాళ్ళను బయటికి పంపారు. నిజాం రాజ్యంలో మరో కాలేజీలో చేరే దారి లేక చాలామంది నాగపూర్ వెళ్ళి చదువుకున్నారు. అప్పుడు హనుమకొండ కాలేజీలో చదువుతున్న పి.వి. నరసింహారావు కూడా అలా నాగపూర్ వెళ్ళినవాళ్ళలో ఒకరు, అప్పటికి ఆయనకు 17 ఏళ్ళు. ఈ రోజు మనం దాన్ని స్వాతంత్ర్య పోరాట తరం అని తలుచుకుంటాం. అయితే అదే ఏడు, అదే వయసులో, అవే హాస్టళ్ళలో ఉండి పాడనివాళ్ళు లేరా? తలవంచుకుని పరీక్షలు రాసుకున్నవాళ్ళు లేరా? పాడనివాళ్ళను నేను తప్పు పట్టడం లేదు. ఇంటి దగ్గర ఎవరి పరిస్థితి ఏమిటో ఎవరికి తెలుసు! నేను చెప్పేది ఒక్కటే. ఆ రోజు ఆ పిల్లల ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు, నీ వయసువాళ్ళంతా బుద్ధిగా చదువుకుంటుంటే నీకేమొచ్చిందని. 30 ఏళ్ళు గడిచాక ఎవరివల్లనైతే ఇంట్లో దిగులుపడ్డారో వాళ్ళ పేరే మొత్తం తరానికి పెట్టారు.

1972 ఏప్రిల్ 14న ఇదే క్యాంపస్‌లో జార్జిరెడ్డిని పొడిచి చంపారు. ఫిజిక్స్‌లో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న విద్యార్థి, పాతికేళ్ళవాడు. ఆయన వెంట నడిచిన విద్యార్థులూ, ఆయనను ఎదిరించిన విద్యార్థులూ ఒకే ఈడువాళ్ళు. ఒకే మెస్సులో తిన్నారు, ఒకే పాఠాలు విన్నారు. ఇందులో ఆ తరం అంటే ఎవరు? ఎవరిని చూపించి ఒక 16 ఏళ్ళ పిల్లకు నీ తరం ఇదమ్మా, వెళ్ళి కలువు అని చెబుతారు?

నాకు వీటన్నిటికంటే దగ్గరగా తోచేది కవి సి. నారాయణరెడ్డి గారి చదువు. హనుమాజీపేటలో పుట్టిన పిల్లవాడు. బడిలోనూ కాలేజీలోనూ ఆయనకు అందిన చదువు డిగ్రీ దాకా ఉర్దూ మీడియమే. ఉస్మానియా పెట్టిందే అందుకు. 1918లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్, వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పేవారు. దాని కోసం ఒక అనువాద శాఖ కూర్చుని పాఠ్యపుస్తకాలు తయారుచేసింది. 1948 తర్వాతే ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఆ ఉర్దూ చదువులో ఉంటూనే తెలుగు పట్టుకున్న కుర్రవాడు అదే ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేసి, అక్కడే పాఠం చెప్పి, 1988 సంవత్సరపు జ్ఞానపీఠం అందుకున్నారు. ఇప్పుడు మా వీధి పిల్ల ఇంగ్లీషు మీడియంలో చదువుతూ ఉర్దూ పట్టుకుంది. దిక్కు మారింది, పని అదే. అందరికీ వడ్డించిన కంచం కాక, పక్క వంటింట్లోంచి వచ్చే వాసన కోసం లేచి వెళ్ళడం.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా చెప్పాలి. ఈ పేర్లన్నీ చెప్పి, చూడండి కలవని పిల్లలే రేపు గొప్పవాళ్ళవుతారు అని తల్లిదండ్రులను ఊరడించడం నా ఉద్దేశం కాదు. అలా అంటే మళ్ళీ అదే తక్కెడలో పిల్లను తూచినట్టు. మన హైదరాబాదులోనే నైనా జైస్వాల్ 13 ఏళ్ళకు డిగ్రీ, 15 ఏళ్ళకు పీజీ పూర్తి చేసింది. రాష్ట్రమంతా చప్పట్లు కొట్టింది, కొట్టాలి కూడా. 13 ఏళ్ళ పిల్ల 20 ఏళ్ళవాళ్ళ మధ్య కూర్చుంటే మనలో ఎవరూ వయసుకు తగ్గట్టు ఉండమనలేదు. ఎందుకంటే అక్కడ సర్టిఫికెట్ ఉంది. అంటే మనకు ఈడు దాటడం మీద అభ్యంతరం లేదు, లాభం కనిపించకుండా దాటడం మీదే ఉంది. ముత్తాత రసీదు చదివితే ఏ ర్యాంకూ రాదు. ఆ పిల్ల రేపు పండితురాలు కాకపోవచ్చు. ఏడాది తర్వాత ఉర్దూ మానేసి ఇంకేదో పట్టుకోవచ్చు. ఏమీ కాకపోయినా సరే, ఈ ఆదివారాలు ఆమెవి.

రెండో ప్రమాదం మెచ్చుకోలు. మా వాకింగ్ గుంపులో పెద్దమనుషులు కొందరు ఈ పిల్ల కనబడగానే వెన్ను తడతారు. “ఈ తరంలో పుట్టాల్సిన దానివి కాదమ్మా, ఇప్పటి పిల్లలు చూడు ఎలా తగలడ్డారో” అంటారు. ఇది తిట్టు కంటే చేటు. ఒక పిల్లను కర్రగా చేసి మిగతా పిల్లలందరినీ కొట్టడం. ఒకసారి వాళ్ళు ముందుకు వెళ్ళిపోయాక ఆ అమ్మాయి నాతో అంది: “మా క్లాసువాళ్ళంటే నాకు కోపం లేదాంటీ. వాళ్ళు మాట్లాడుకునేది నాకు రాదు, అంతే. నేను మాట్లాడేది వాళ్ళకు రాదు.” ఇంత న్యాయంగా పెద్దవాళ్ళం మాట్లాడగలమా అని ఆ రోజంతా అనుకున్నాను. వాళ్ళ క్లాసులో ఒకడు రాత్రిళ్ళు మిద్దెమీద కూర్చుని మిమిక్రీ సాధన చేస్తాడట, ఇంకో పిల్లకు క్రికెట్ స్కోర్లు 20 ఏళ్ళ వెనక్కి నోటికి వచ్చట. ఆమే చెప్పింది. విడివిడిగా అడిగితే ఎవరూ ఆ గుంపులో పూర్తిగా ఇమిడినవాళ్ళు కారు.

నేనూ ఇంటర్ హాస్టల్లో చదివాను. సాయంత్రం అందరూ టీవీ హాల్లో ఉంటే నేను వంటమనిషి దగ్గర కూర్చునేదాన్ని. ఆమెకు బతుకమ్మ పాటలు లెక్కలేనన్ని వచ్చు. వార్డెన్ ఒకరోజు అందరి ముందూ నిలబెట్టి, నీకు స్నేహితులే దొరకలేదా అని అడిగింది. దొరికిందని చెప్పడానికి నోరు రాలేదు. నా స్నేహితురాలికి 55 ఏళ్ళు, అంట్లు తోముతుంది. అది స్నేహమని ఆ హాల్లో ఎవరూ ఒప్పుకోరని అప్పటికే నాకు తెలిసిపోయింది. నేటికీ నా మనసులో కలుక్కుమనేది ఒంటరితనం కాదు. నా స్నేహాన్ని స్నేహమని చెప్పుకోలేకపోవడం.

కలవని పిల్ల ఒంటరిదైపోతుంది, దిగులులో పడుతుంది అంటారు. నిజమైన భయమే ఇది, తోసిపుచ్చను. పిల్ల తిండి మానేసినా, నిద్ర పోకపోయినా, ఇష్టమైన పని కూడా వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్నా ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. కానీ ఆ భయానికి కొలత గుంపు కాదు. 2019 ఏప్రిల్లో ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలంగాణలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అందరితో పాటు పరుగెత్తమంటే పరుగెత్తిన పిల్లలు వాళ్ళు. గుంపులో ఉండటం వాళ్ళను కాపాడలేదు. కళ్ళలోకి చూసి అన్నం తిన్నావా అని అడిగేవాళ్ళు పిల్లకు ఉన్నారా లేదా, అది చూడాలి. ఆ అడిగే మనిషికి 17 ఏళ్ళా 70 ఏళ్ళా అన్నది లెక్కలోకి రాదు.

పొద్దున 6 గంటలకు తార్నాక నుంచి క్యాంపస్‌లోకి నడిచి చూడండి. ఎస్సై ఉద్యోగం కోసం పరుగులు తీసే కుర్రాళ్ళు, వాళ్ళ వెనకే మోకాళ్ళకు పట్టీ కట్టుకున్న పెద్దవాళ్ళు, గ్రూప్ వన్ పుస్తకం పట్టుకుని చెట్టు కింద తిరుగుతూ చదివే 30 ఏళ్ళవాళ్ళు, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫొటో దిగే కొత్త జంటలు. ఈ చుట్టుపక్కలే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, పోషకాహార సంస్థ ఉన్నాయి. వాటిలో పనిచేసి రిటైరైనవాళ్ళు మా వీధుల్లోనే ఉంటారు. ఇంతమంది మధ్య ఒక 16 ఏళ్ళ పిల్లకు సావాసం దొరక్కపోవడం అసాధ్యం. ఆ సావాసాన్ని లెక్కలో వేసుకోమని అడుగుతున్నాను. తార్నాక అంటే తీగకంచె ఉన్న నాకా అని, ఒకప్పుడు ఇక్కడ అలాంటి కాపలా గేటు ఉండేదని పాతవాళ్ళు చెబుతారు. ఆ కంచె ఎప్పుడో పోయింది. కొత్త కంచె పుట్టిన సంవత్సరంతో కడుతున్నాం.

మన భాషలో “నా తరం కాదు” అంటే నా వల్ల కాదు అని. ఒకే మాటలో వయసూ ఉంది, శక్తీ ఉంది. కౌన్సెలర్ మాట విన్నాక ఆ తల్లి నోట కూడా అదే వచ్చింది, దీన్ని మార్చడం నా తరం కాదని. మార్చొద్దన్నాను. ఆదివారం దానితో పాటు వెళ్ళి మాస్టారి ఇంట్లో కాసేపు కూర్చోండి అన్నాను.

వెళ్ళిందట. పోయిన ఆదివారం ముగ్గురూ మా ఇంటికి వచ్చారు, తల్లి, కూతురు, నాయనమ్మ. అమ్మాయి తెల్ల కాగితం మీద ఉర్దూ అని ఉర్దూలో రాసి చూపించింది. అలిఫ్, రే, దాల్, వావ్. ఉర్దూలో చాలా అక్షరాలు తర్వాతి అక్షరంతో చేయి కలుపుతాయట. కొన్ని మాత్రం అంతకు ముందటి అక్షరంతో కలుస్తాయి గానీ తర్వాతిదానితో కలవవట. ఈ నాలుగూ అలాంటివే. “ఎట్లా చదువుతారే మరి, విడివిడిగా ఉంటే?” అని నాయనమ్మ అడిగింది. “దగ్గర దగ్గరగా రాస్తారు నాయనమ్మా” అని సందుగలోని రసీదు ఒకటి తీసి చదవడం మొదలుపెట్టింది. సైకిలు కొన్న రసీదు. ముత్తాత పేరు చదివింది, ఆయన తండ్రి పేరు చదివింది, ఊరి పేరు చదివింది. నాయనమ్మ తన మామగారి పేరు మనవరాలి నోట విని కొంగు భుజం మీదికి సర్దుకుంది. ఎన్ని రూపాయలో రాసిన చోట సిరా అలుక్కుపోయింది. మాస్టారికి చూపించి అడగాలని అమ్మాయి ఆ కాగితాన్ని రెండు కెమిస్ట్రీ నోటు పుస్తకాల మధ్య పెట్టుకుంది.