ఎండల దేశంలో ఎండ కరువు

ఈ వారం ఒకే ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. వేసవి సెలవులకు గల్ఫ్ నుంచి హైదరాబాదు పాతబస్తీకి వచ్చే కుటుంబాలన్నిటికీ పనికివచ్చే సంగతి ఇందులో ఉంది. గల్ఫ్ ముఖం చూడనివారికి కూడా ఉంది.

ప్రశ్న: డాక్టరుగారికి ఆదాబ్. మాది యాకుత్‌పుర. నేను ఉర్దూలో చదువుకున్నాను. తెలుగు మాట్లాడతానుగాని రాయడం రాదు. పక్కింటి అక్కతో ఈ ఉత్తరం రాయిస్తున్నాను. నా వయసు 29. పెళ్ళయిన దగ్గరనుంచి, ఏడేళ్ళుగా, జెడ్డాలో ఉంటున్నాము. మా ఆయన అక్కడ ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. బాబుకు ఆరేళ్ళు, పాపకు ఏడాదిన్నర. అజీజియాలో మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పొద్దున ఏడుకల్లా ఆయన డ్యూటీకి, బాబు స్కూలు వ్యానులో బడికి వెళతారు. ఆ తరువాత నేను, పాప, ఏసీ. సామాను ఫోను చేస్తే కుర్రాడు తెచ్చి ఇస్తాడు. బట్టలు మిషనులోనే ఆరతాయి. ఎండ వేడికి కిటికీలు మూసి పరదాలు వేసి ఉంచుతాము. బయటికి వెళ్ళేది ఇషా నమాజు అయ్యాకే. శుక్రవారం సాయంత్రం సముద్రపు ఒడ్డుకు వెళతాము. ఉమ్రాకు మక్కా వెళ్ళినా, కారులో మదీనా వెళ్ళినా రాత్రి ప్రయాణమే. ఏడేళ్ళలో నేను ఎండలో నిలబడిన రోజు గుర్తు లేదు.

రెండేళ్ళుగా నడుము, తుంట్లు, తొడలు ఒకటే నొప్పి. నమాజులో నేలమీద కూర్చుంటే చేయి ఆనించందే లేవలేను. మెట్లెక్కాలంటే ఏడుపు వస్తుంది. "అక్కడ కూర్చుని తిని సుఖం మరిగింది, అందుకే పని చేతకావడం లేదు" అంటారు మా అత్తగారు. పాప నా పాలే తాగుతుంది. ఇంకా గోడ పట్టుకునే నడుస్తుంది. నాలుగే పళ్ళు వచ్చాయి. నిలబడితే కాళ్ళు వంగి విల్లులా కనబడతాయి. పాపను ఇక్కడే వదిలి వెళ్ళమని అత్తగారు పట్టుబడుతున్నారు. నెలకు 400 రియాళ్ళ ఫీజు కూడా మిగులుతుందని మా ఆయన మెత్తబడుతున్నారు. మూడు వారాల్లో తిరుగు ప్రయాణం. నాది బద్ధకమేనా? పాపను వదిలిపెట్టాలా?

జవాబు: అమ్మా, ముందు మీ మొదటి ప్రశ్నకు జవాబు. మీది బద్ధకం కాదు. నేలమీదినుంచి లేవలేకపోవడం, మెట్లెక్కలేకపోవడం, తుంట్లు, తొడలు నొప్పి పెట్టడం — ఈ మూడూ కలిసి వస్తే వైద్యుడు మొదట అనుమానించవలసింది విటమిన్ డి లోపాన్ని. ఈ విటమిన్ లేకపోతే తిన్న ఆహారంలోని కాల్షియం పేగులనుంచి రక్తంలోకి సరిగా చేరదు. పెద్దవారిలో ఎముక మెత్తబడుతుంది, కండ బలహీనమవుతుంది. దీనిని ఆస్టియోమలేషియా అంటారు. ఎదిగే పిల్లల్లో ఇదే రికెట్స్. కాళ్ళు వంగుతాయి, మణికట్లు లావెక్కుతాయి, పళ్ళు, నడక ఆలస్యమవుతాయి.

విటమిన్ డి ప్రధానంగా తయారయ్యేది మన చర్మంలోనే. అందుకు ఎండలోని అతినీలలోహిత కిరణాలు నేరుగా చర్మానికి తగలాలి. మూసిన అద్దంలోంచి వెలుతురు వస్తుందిగాని ఈ కిరణాలు రావు. కనుక కారు అద్దంలోంచి, కిటికీ అద్దంలోంచి పడే ఎండ ఈ పనికి లెక్కలోకి రాదు. మీ దినచర్య మళ్ళీ ఒకసారి చదువుకోండి. ఎండ తగిలే ఘడియ ఒక్కటైనా ఉందా?

ఎడారి దేశంలో ఎండ కరువేమిటని చాలామంది నవ్వుతారు. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో స్థిరపడిన పాకిస్తానీ కుటుంబాలలో ఈ జబ్బు ఉన్నట్లు అక్కడి వైద్యులు 1962లోనే రాశారు. అది మబ్బుల దేశం, సరే. కాని 1980ల మొదట్లో సౌదీ అరేబియాలోనూ చాలామందిలో విటమిన్ డి తక్కువగా ఉందని వైద్యులు గమనించారు. ఎండ లేక ఒకచోట, ఎండకు భయపడి తలుపులు వేసుకుని ఇంకొకచోట, జబ్బు ఒకటే. వేడికి భయపడటం తప్పని నేను అనను. అక్కడ వేసవిలో, జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించరాదని కూలీలకోసం సర్కారు నియమమే ఉంది.

మన పాతబస్తీకి, అరబ్బు దేశాలకు రాకపోకలు ఈనాటివి కావు. బార్కస్‌వాసుల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువులో సిపాయిలుగా ఇక్కడికి వచ్చారు. 1973లో చమురు ధర పెరిగిన తరువాత ప్రయాణం అటు తిరిగింది. అయితే పాతబస్తీ పాత ఇళ్ళలో ఒక సౌకర్యం ఉండేది. బయట బురఖా వేసుకున్నా, ఇంటి మధ్య సహన్ ఉండేది, పైన డాబా ఉండేది. బట్టలు ఆరేయడానికి, మిరపకాయలు ఎండబెట్టడానికి, పసిబిడ్డకు నూనె రాయడానికి ఆడవాళ్ళు ఎండలోకి వచ్చేవారు. ఎవరూ మందు అనుకోకుండానే మందు అందేది. మూడో అంతస్తు రెండు గదుల ఇంటికి సహన్ లేదు. తేడా పరదాలో లేదు, వాకిలిలో ఉంది.

ఇక పాప సంగతి. రెండేళ్ళలోపు పిల్లలకు కాళ్ళు కొద్దిగా వంపుగా ఉండటం సహజమే. ఆ ఒక్క కారణంచేత భయపడనక్కరలేదు. కాని ఏడాదిన్నరకు పట్టు లేకుండా నడవకపోవడం, నాలుగే పళ్ళు ఉండటం, తల్లికే లోపం ఉన్నట్లు కనబడటం, ఇవన్నీ కలిపి చూస్తే ఊరుకోరాదు. తల్లిపాలు అమృతమే, అందులో సందేహం లేదు. అయితే విటమిన్ డి మాత్రం తల్లిపాలలో తక్కువ. తల్లికే లేకపోతే బిడ్డకు ఇంకా తక్కువ. అందుకే తల్లిపాలు తాగే బిడ్డకు పుట్టినప్పటినుంచి ఏడాదివరకు రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు వేయమంటారు. ఇది మీ పాలలో దోషం కాదు. పాలు మాన్పించకండి.

ఉత్తరం చూసి రికెట్స్ అని తేల్చలేను. ప్రయాణానికి మూడు వారాలు ఉన్నాయి, చాలు. ఈ వారంలోనే పాపను పిల్లల డాక్టరుకు చూపించండి. ఆయన మణికట్టు, మోకాలు ఎక్స్‌రే తీయిస్తారు. కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి రక్త పరీక్షలు చేయిస్తారు. మీరు కూడా అవే రక్త పరీక్షలు చేయించుకోండి. విటమిన్ డి మిల్లీలీటరుకు 20 నానోగ్రాములకన్న తక్కువ ఉంటే లోపం ఉన్నట్లే. ఈలోగా పాపకు మూర్ఛ వచ్చినా, చేతులు కాళ్ళు బిగుసుకున్నా ఆగకండి. కాల్షియం బాగా పడిపోతే అలా జరుగుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రికెట్స్ అని తేలినా బెంబేలు పడకండి. విటమిన్ డి, కాల్షియం కనీసం మూడు నెలలు వాడాలి. మోతాదు పాప వయసునుబట్టి డాక్టరు నిర్ణయిస్తారు. పసితనంలో మొదలుపెడితే వంగిన కాళ్ళు చాలావరకు ఎదుగుదలతోనే సర్దుకుంటాయి. ఆలస్యం చేస్తే వంపు నిలిచిపోయే ప్రమాదం ఉంది. మీవంటి పెద్దవారికి సాధారణంగా 60,000 యూనిట్ల మందు వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, ఆ తరువాత తక్కువ మోతాదు ఇస్తారు. నొప్పి తగ్గడానికి కొన్ని వారాలు, నెలలు కూడా పట్టవచ్చు. నాలుగు రోజులకే గుణం కనబడలేదని మానకండి.

ఒక హెచ్చరిక. సెలవులకు వచ్చినవారు "డాక్టర్ సాబ్, తాఖత్ ఇంజెక్షన్ ఇవ్వండి, ఏడాదిదాకా చూసుకోనక్కరలేకుండా" అని అడుగుతుంటారు. 60,000 యూనిట్ల మందును రోజువారీ మాత్రగా పొరబడి మింగేవారూ ఉన్నారు. విటమిన్ డి ఒంట్లో నిలవ ఉండిపోయే మందు. ఎక్కువైతే వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం వస్తాయి. మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. చీటీ లేకుండా వాడరాదు. జెడ్డాకు తీసుకువెళ్ళేటప్పుడు మీ పేరుతో ఉన్న చీటీ మందులతోపాటే పెట్టుకోండి.

ఇక ఎండ. లేత ఎండే మంచిదని మన పెద్దలు అంటారు. హాయికి మంచిదేగాని విటమిన్ డి కి అది చాలదు. గుర్తు పెట్టుకోవడానికి ఒక సులువు: మీ నీడ మీకన్న పొడుగ్గా ఉంటే ఆ ఎండలో విటమిన్ తయారయ్యేది తక్కువ. నీడ మీకన్న పొట్టిగా ఉన్నప్పుడే పని జరుగుతుంది. ఈ మూడు వారాలు మబ్బు లేని రోజున ఉదయం 9న్నర దాటాక డాబామీదికి వెళ్ళండి. ముఖం, ముంజేతులు, పిక్కలు తెరిచి 15 నుంచి 20 నిమిషాలు కూర్చోండి. చర్మం కందేదాకా ఉండనక్కరలేదు. పాపను పది నిమిషాలు ఆడనివ్వండి, తలకు నీడ ఉంచండి. జెడ్డాలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పగలు 11, 1 గంటల మధ్య భవనం డాబామీద నాలుగువైపులా దుప్పటి కట్టుకున్నా చాలు, పరదాకు లోటు రాదు. వేసవిలో మాత్రం ఆ ప్రయత్నం వద్దు, వడదెబ్బ తగులుతుంది. ఆ నెలల్లో డాక్టరు చెప్పిన మందే దిక్కు. పెద్దవారికి రోజుకు కావలసినది 600 యూనిట్లు.

తిండి కూడా సరిచూసుకోండి. అక్కడ విటమిన్ డి కలిపిన పాలు దొరుకుతాయి, డబ్బామీద చదివి కొనండి. గుడ్డు పచ్చసొన, కొవ్వున్న సముద్రపు చేపలు మంచివి. కాల్షియానికి పాలు, పెరుగు, రాగులు, నువ్వులు వాడండి. పిల్లలకు చాయ్‌లో బిస్కత్తు ముంచి పెట్టడం భోజనం కాదు.

చివరిగా పాపను వదిలే మాట. 2017లో తలకు నెలకు 100 రియాళ్ళతో మొదలైన ఫీజు 2020కల్లా 400 అయింది. ఆ భారానికి ఎన్నో కుటుంబాలు తిరిగి వచ్చాయి. మీ ఇంటి లెక్క మీరు చూసుకోవలసిందే, అందులో నేను జోక్యం చేసుకోను. కాని ఆరోగ్యం పేరుతో మాత్రం తల్లీబిడ్డలను విడదీయవద్దు. ఈ జబ్బు జెడ్డాది కాదు, మూసిన గదిది. ఇక్కడ ఫ్లాటులో తలుపు వేసుకుని పెంచినా ఇదే వస్తుంది. తిరుపతి స్విమ్స్ వైద్యులు మన ప్రాంతంలోనే పరీక్షించినప్పుడు, పట్టణాలవారిలోనే కాదు, పల్లెలవారిలోనూ చాలామందికి విటమిన్ డి తక్కువగా కనబడింది. పాపకు కావలసింది మందు, ఎండ, పాలు, తల్లి. నాలుగూ ఎక్కడైనా కుదురుతాయి.

ఈ జవాబును పక్కింటి అక్కచేత మీ అత్తగారికి చదివి వినిపించండి. ఆమె మిమ్మల్ని నిందించింది తెలియకే. మనవరాలి కాళ్ళు వంగాయని ముందు బెంగపడింది కూడా ఆమే గదా. రేపు పొద్దున పాపను డాబామీదికి తీసుకురమ్మని ఆమెనే అడగండి. కాసేపు తనూ కూర్చోమనండి. ఆ వయసులో ఆమె ఎముకలకూ ఆ ఎండ అవసరమే.