మోకు పట్టే స్నేహితుడు

నరసరావుపేటలో ఇంటర్ చదివే ఏ పిల్లాణ్ణి అడిగినా ఐన్‌స్టీన్ సూత్రం చెబుతాడు. మికేలె బెస్సో ఎవరంటే మాత్రం చెప్పలేడు. తప్పు వాడిది కాదు. ఆ పేరు వాడికి మనమెవరం చెప్పలేదు.

బెస్సో ఇంజినీరు, ఐన్‌స్టీన్ కంటే ఆరేళ్లు పెద్ద. బెర్న్ పేటెంటు ఆఫీసులో ఇద్దరూ కలిసి పనిచేశారు. 1905లో కాంతి వేగం గురించిన చిక్కు ఎంతకీ విడక, ఐన్‌స్టీన్ దాన్ని బెస్సో ముందు పెట్టాడు. ఆ చర్చలోంచే దారి దొరికింది. కొద్ది వారాల్లో సాపేక్షతా సిద్ధాంతం వ్యాసం పూర్తయింది. అందులో ఏ శాస్త్రవేత్త పరిశోధన పత్రాన్నీ పేర్కొనలేదు గానీ, చివర బెస్సోకు కృతజ్ఞతలు చెప్పాడు.

1903 నుంచి 1955 దాకా వాళ్లు రాసుకున్న ఉత్తరాలు 1972లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో భౌతికశాస్త్రం పక్కనే విడిపోతున్న ఐన్‌స్టీన్ కాపురం, పిల్లల బెంగ, భార్య మిలేవా జబ్బు కూడా ఉంటాయి. కాంతి క్వాంటం ఊహతో ఫోటోవిద్యుత్ ఫలితాన్ని వివరించి నోబెల్ అందుకున్న మనిషి, 1951లో ఇదే స్నేహితుడికి రాస్తూ, యాభై ఏళ్లు ఆలోచించినా కాంతి క్వాంటం అంటే ఏమిటో తేలలేదని ఒప్పుకున్నాడు. అలాంటి మాట చెప్పుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలి.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో అందరి చూపూ ప్రభ మీదే. రంగుబట్టలు, కరెంటు దీపాల తోరణాలతో అంతెత్తు లేచిన ప్రభ ఒరిగిపోకుండా కొండ దిగువకు చేరిందంటే, చుట్టూ మోకులు పట్టి, అది వాలినప్పుడల్లా ఎదురు లాగినవాళ్ల చలవే. ఐన్‌స్టీన్‌కు అలా మోకు పట్టినవాడు బెస్సో.

మన పిల్లలకు ఆ స్నేహమే కరువవుతోంది. పక్క బెంచీవాణ్ణి ర్యాంకు ఎత్తుకుపోయే పోటీదారుగా చూడమని మనమే నేర్పుతున్నాం. అందుకే అర్థం కానిది అర్థం కాలేదని పైకి అనడానికి కూడా జంకుతున్నారు. సందేహం లోపలే దాచుకున్నవాడు మార్కులు తెచ్చుకోగలడేమో గానీ, కొత్త ప్రశ్న వేయలేడు.

కళాశాలల యాజమాన్యాలను, తల్లిదండ్రులను నేను అడిగేది ఒక్కటే. వారానికి ఒక్క సాయంత్రం పిల్లల్ని పరీక్షలు లేకుండా వదలండి. అరుగు మీద కూర్చుని, ఆ వారం తమకు తెలియకుండా మిగిలిపోయినదేమిటో ఒకరికొకరు చెప్పుకోనివ్వండి. దూరం వెళ్లిన స్నేహితుడికైతే ఉత్తరం రాయించండి. పల్నాడు నుంచి రేపు ఒక శాస్త్రవేత్త రావాలని మనం నిజంగా కోరుకుంటే, ముందు వాడి మాట వినే స్నేహితుణ్ణి వాడికి దూరం చేయకుండా ఉండాలి.

– పల్నాటి బాటసారి