ఆటలోనూ గిన్నెలు మనమే తోమాలా?

సంక్రాంతికి అన్నయ్యగారింటికి వెళ్లాం. వంటింట్లో వదినా నేనూ అరిసెలు వత్తుతున్నాం. హాల్లో టీవీ ముందు నలుగురు పిల్లలు వీడియో గేమ్ ఆడుతున్నారు. అన్నయ్య కొడుకులిద్దరు, వాళ్ల స్నేహితుడొకడు, పద్నాలుగేళ్ల మా అమ్మాయి. ఆట పేరు ‘ఓవర్‌కుక్డ్’. 2016లో బ్రిటన్‌లో ఇద్దరే మనుషులున్న ఒక చిన్న సంస్థ తయారుచేసింది. అందులో ఒక హోటలు వంటిల్లు ఉంటుంది. నలుగురూ కలిసి ఉల్లిపాయలు తరగాలి, సూపు కాయాలి, పళ్లెంలో పోసి అందించాలి. తిన్న పళ్లేలు ఎంగిలివై తిరిగొస్తాయి. వాటిని ఎవరో ఒకరు కడగాలి. గడియారం పరిగెడుతూ ఉంటుంది.

అన్నయ్య వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి, “చూశావా, నువ్వు వ్యాసాల్లో రాసేది మావాళ్లు ఆటలో చేసేస్తున్నారు. మగపిల్లలు వంట నేర్చుకుంటున్నారు” అన్నాడు. పిండి చేతులతోనే వెళ్లి చూశాను. నిజమే, మగపిల్లలు ముగ్గురూ వండుతున్నారు. మా అమ్మాయి సింకు దగ్గర నిలబడి పళ్లేలు కడుగుతోంది. గంట నుంచీ అదే పని. ఎందుకలా అని అడిగితే పెద్దవాడు, “అది తను బాగా చేస్తుందత్తా. అయినా ఆటే కదా!” అన్నాడు.

ఈ ‘ఆటే కదా’ అన్న మాట గురించే ఈ వ్యాసం.

ఈ పత్రిక పాఠకుల్లో కొందరికి అనుమానం రావచ్చు. వరకట్న హత్యలు ఆగలేదు, కూలిరేట్లలో తేడా పోలేదు, ఈ పరిస్థితుల్లో వీడియో ఆటల గురించి చర్చ అవసరమా అని. సినిమా గురించి, పాఠ్యపుస్తకాల్లోని బొమ్మల గురించి, సామెతల గురించి మనం మాట్లాడినప్పుడల్లా ఇదే ప్రశ్న ఎదురైంది. ‘పాటే కదా, జోకే కదా’ అన్నవాళ్లే ఇప్పుడు ‘ఆటే కదా’ అంటున్నారు. భావజాలం ఎప్పుడూ చట్టం రూపంలోనే రాదు. సరదా రూపంలోనూ వస్తుంది. పైగా విశ్రాంతి, తీరిక ప్రతి మనిషి హక్కు అని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం చెబుతోంది. ఆడుకోవడం పిల్లల హక్కు అని బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది. మన దేశం 1992లో ఆ ఒడంబడికను ఆమోదించింది. హక్కుల పత్రికలో ఆట గురించి రాయడానికి ఇంతకన్నా అనుమతిపత్రం అక్కర్లేదు.

పెద్ద కంపెనీల పెట్టుబడితో పనిలేకుండా ఒకరో, ఇద్దరో, చిన్న బృందమో తయారుచేసే ఆటల్ని ఇండీ ఆటలు అంటారు. ఒకరినొకరు చంపుకోకుండా కలిసి పనిచేసి గెలిచే ఆటల్ని కో-ఆప్ ఆటలు అంటారు. ఈ రెండింటినీ మెచ్చుకునే ఆటగాళ్లు చెప్పేదేమిటంటే, తుపాకుల ఆటల్లోని మగతనపు ప్రదర్శన వీటిలో లేదని, ఇక్కడ సహకారం ఉందని, స్వేచ్ఛ ఉందని. ఈ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ మెచ్చుకోళ్లలో దాగిన కొలబద్దల్ని ఒక్కొక్కటిగా బయటికి తీసి చూడాల్సిన అవసరం ఉంది.

మొదటి కొలబద్ద: ‘ఇది అసలు ఆటేనా?’

2013లో ‘గాన్ హోమ్’ అనే ఇండీ ఆట వచ్చింది. విదేశాల్లో తిరిగి ఇంటికొచ్చిన ఒక యువతికి ఇల్లు ఖాళీగా కనిపిస్తుంది. గది తర్వాత గది వెతుకుతూ, ఉత్తరాలు చదువుతూ, తన చెల్లెలు మరో అమ్మాయిని ప్రేమించిన కథను ఆమె తెలుసుకుంటుంది. తుపాకీ లేదు, శత్రువు లేడు. విమర్శకులు మెచ్చుకున్నారు. ఆటగాళ్లలో ఒక పెద్ద వర్గం మాత్రం ఇది ఆటే కాదంది. ఊరికే నడవడమే కదా అని ఎగతాళి చేసింది. అదే సంవత్సరం జోయి క్విన్ మరికొందరితో కలిసి ‘డిప్రెషన్ క్వెస్ట్’ తయారుచేశారు. మానసిక కుంగుబాటుతో బతకడం ఎలా ఉంటుందో చెప్పే ఆట అది. దాన్ని ఉచితంగానే ఇచ్చారు. 2014 ఆగస్టులో క్విన్ మీద నింద మొదలైంది. ఒక విలేకరితో ఉన్న సంబంధం వల్ల మంచి సమీక్ష దక్కిందట! ఆ విలేకరి ఆ ఆటను సమీక్షించనే లేదు. అయినా ‘గేమర్‌గేట్’ పేరుతో మూకదాడి సాగింది. చంపుతామన్న బెదిరింపులతో క్విన్ ఇల్లు వదలాల్సి వచ్చింది. ఆ అక్టోబరులో ఆటల రూపకర్త బ్రియానా వూ కూడా ఇల్లు వదిలారు. ఆటల్లో స్త్రీల చిత్రణను విమర్శించిన అనీటా సర్కీసియన్ యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉపన్యసించాల్సి ఉంది. సభలో కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చింది. అక్కడి చట్టం ప్రకారం సభలోకి తుపాకులు తేకుండా ఆపలేమని అధికారులన్నారు. ఆమె ఉపన్యాసం రద్దు చేసుకున్నారు.

ఏది ఆట, ఏది కాదు అన్నది నిర్వచనం గురించిన అమాయకమైన చర్చ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఏది కవిత్వం, ఏది కాదు అని మన కవయిత్రుల్ని నిలదీసిన గొంతులు మనకు పరిచయమే. వాకిలి కాపలా కాసేవాడు నియమాల పుస్తకం చేత్తో పట్టుకునే ఉంటాడు.

రెండో కొలబద్ద: ‘పెట్టిన డబ్బుకు ఎన్ని గంటలు?’

2023లో కెనడా నుంచి ‘వెన్బా’ అనే ఆట వచ్చింది. 1988లో అక్కడికి వలస వెళ్లిన ఒక తమిళ తల్లి కథ. పుట్టింటి నుంచి తెచ్చుకున్న వంటల పుస్తకంలో పేజీలు చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. లోపించిన ముక్కల్ని ఊహించి వంట పూర్తిచేయడమే ఆట. ఇడ్లీ పాత్రలో పళ్లేలు ఏ వరసలో అమర్చాలో తెలిసిన మనకు ఇందులో ఎంత జ్ఞాపకం ఉందో తెలుస్తుంది. 2024లో దానికి బాఫ్టా వారి తొలి ఆట పురస్కారం వచ్చింది. ఆటగాళ్ల ఫిర్యాదు ఏమిటి? చిన్నది, గంటన్నరలో అయిపోయింది అని.

గంటన్నర వంట చాలలేదట! మన దేశంలో ప్రభుత్వం జరిపిన 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు అందులో గడుపుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు గడుపుతున్నది 88 నిమిషాలు. వంద గంటల ఆటే గొప్ప ఆట అనే కొలబద్ద ఎవరి తీరికను బట్టి తయారైంది? పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని ఒక చెవి అటు వేసి ఉంచే మనిషికి గంటన్నరలో ముగిసే ఆట లోపం కాదు, వెసులుబాటు. కానీ ఆ మనిషి అభిప్రాయం సమీక్షల్లోకి రాదు. రాయడానికీ తీరిక కావాలి కదా.

మూడో కొలబద్ద: ‘ఒక్కడే తయారుచేశాడు!’

‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అనే వ్యవసాయపు ఆట 2016లో వచ్చింది. 2024 చివరికి 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ఎరిక్ బరోన్ అనే యువకుడు నాలుగేళ్లకు పైగా కూర్చుని బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రామింగ్ అన్నీ తానే చేశాడు. అతని ప్రతిభనూ శ్రమనూ నేను తక్కువ చేయడం లేదు. కొన్నాళ్లు ఒక థియేటర్లో చిన్న ఉద్యోగం కూడా చేశాడు. అయితే ఆ సంవత్సరాల్లో ఇల్లు గడవడానికి అతని సహచరి చదువుకుంటూనే సంపాదించిందన్నది రహస్యమేమీ కాదు, అచ్చయిన విషయమే. అయినా ఆటగాళ్లు ఎక్కడ చెప్పుకున్నా ‘ఒంటరి మేధావి’ కథే చెప్పుకుంటారు. అద్దె కట్టిన చెయ్యి ఆ కథలో కనిపించదు. ఏ రచయిత జీవితచరిత్ర తెరిచినా ఇదే కదా! ఆయన రాస్తున్నాడు, ఆమె కాఫీ పెడుతోంది. స్వతంత్రం అన్న మాట విన్నప్పుడల్లా ఎవరి శ్రమ మీద స్వతంత్రం అని అడగాల్సిందే.

ఇండీ అయినంత మాత్రాన స్త్రీలకు భద్రత ఉంటుందనుకోవడమూ భ్రమే. ఇంత మెచ్చుకున్న ‘గాన్ హోమ్’ తయారుచేసిన సంస్థలోనే, మహిళా ఉద్యోగుల పట్ల ప్రవర్తన గురించిన ఫిర్యాదుల నేపథ్యంలో, 2021లో సహ వ్యవస్థాపకుడు తన నాయకత్వ బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. చిన్న సంస్థలో యజమానీ స్నేహితుడూ ఒకడే అయినప్పుడు ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి? కుటుంబంలోని స్త్రీ ఎదుర్కొనే ప్రశ్నే ఇది.

ఇక నాలుగో కొలబద్ద, అన్నింటికన్నా తియ్యనిది: ‘సహకారం’.

2021లో వచ్చిన ‘ఇట్ టేక్స్ టూ’ ఆ ఏడాది ఉత్తమ ఆటగా ద గేమ్ అవార్డ్స్ పురస్కారం పొందింది. ఇద్దరుంటేగానీ ఆడలేని ఆట. ఒకరి చేతిలో సుత్తి, ఇంకొకరి చేతిలో మేకులు. ఒకరు లేకుండా ఇంకొకరు అడుగు వేయలేరు. ఎవరూ ఎవరికీ సహాయకులు కారు. ఆట నిర్మాణంలో ఇంత సమానత్వం నేను మరెక్కడా చూడలేదు. ఈ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

కానీ కథ చూడండి. విడిపోవాలనుకున్న భార్యాభర్తలు మే, కోడీ. కూతురు రోజ్ కన్నీళ్లు పడి ఇద్దరూ బొమ్మలుగా మారిపోతారు. డాక్టర్ హకీమ్ అనే మాట్లాడే పుస్తకం వాళ్ల వెంటపడి, కలిసి పనిచేయండి, ప్రేమను బాగుచేసుకోండి అని వేధిస్తుంది. వాళ్లు వద్దంటున్నా వదలదు. చివరికి దగ్గరవుతారు. జంటలు తప్పక ఆడాలి, కన్నీళ్లొచ్చాయి అని ఆటగాళ్ల అభిప్రాయాలు. నాకు మాత్రం ఆ పుస్తకాన్ని చూస్తే కౌన్సెలింగ్ గదిలో కూర్చుని, “పిల్ల మొహం చూసైనా సర్దుకుపోమ్మా” అనే పెద్దమనుషులు గుర్తొచ్చారు. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం రాజీకి ప్రయత్నించమంటుంది. ఆ ప్రయత్నం ఎంతమంది ఆడవాళ్లను దెబ్బలు తిన్న ఇంటికే తిరిగి పంపిందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. మే, కోడీల ఇంట్లో దెబ్బల్లేవు, అది వేరే కథ అనొచ్చు. కానీ విడిపోవడం కూడా ఒక గౌరవమైన ముగింపు కావచ్చని, ఇద్దరు మనుషులు విడిగా ఉండి కూడా ఒక బిడ్డను కలిసి పెంచవచ్చని చెప్పే ఊహ ఇంత సృజన ఉన్న ఆటకు ఎందుకు రాలేదు? సహకారం అంటే కలిసి ఉండి తీరడమేనా?

సహకారం అనేది ఆట పెట్టె మీద అచ్చువేస్తే వచ్చేది కాదు. ఎవరు ఏ పని చేయాలో ఎవరు నిర్ణయిస్తారు అన్నదే అసలు ప్రశ్న. ‘హేలో 3’ అనే తుపాకుల ఆట మీద 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో, స్త్రీ గొంతు వినిపించినప్పుడు పురుషుడి గొంతుకు వచ్చినదానికి మూడు రెట్లు దూషణ, వ్యతిరేక వ్యాఖ్యలు వచ్చాయని తేలింది. అందుకే ఎందరో అమ్మాయిలు మైకు మూసేసి, మగ పేర్లు పెట్టుకుని ఆడుతున్నారు. కలిసి ఆడే ఆటలో నోరు మూసుకుని ఆడటం ఏ రకం సహకారం?

తిరిగి అన్నయ్యగారి హాల్లోకి వస్తాను. మా అమ్మాయి, “ఈసారి వంతులు మార్చుకుందాం” అంది. మగపిల్లలు వినలేదు, స్కోరు పోతుందన్నారు. తర్వాతి ఆటలో అది సింకు దగ్గర ఊరికే నిలబడింది. ఒక్క పళ్లెం కడగలేదు. సూపు ఉడికింది, పోయడానికి పళ్లెం లేదు. గిరాకీలు వెళ్లిపోయాయి. గిన్నె మాడి మంటలంటుకున్నాయి. ముగ్గురు వంటవాళ్లూ చూస్తుండగానే హోటలు మూతపడింది. సమ్మె అంటే ఏమిటో మా పిల్లకు నేను నేర్పలేదు, ఆ ఆటే నేర్పింది. పెద్దవాడికి కోపమొచ్చింది. “నీతో ఆడితే ఇంతే” అన్నాడు. ఆ తర్వాత ఆ సెలవుల్లో దాన్ని మళ్లీ ఆటకు పిలవలేదు. ఊరికి వచ్చాక, “నేను కడిగేస్తే పోయేదేమో అమ్మా” అంది. ఆ మాట నాకు బాధ కలిగించింది. ఆ మాట అనని ఆడది మన తరంలో ఎవరు?

దాని తప్పేమీ లేదనే చెప్పాను. కానీ ఒక తల్లి ఓదార్పుతో తీరే విషయం కాదిది. ఆటలు వద్దని మన ఆడపిల్లల్ని లాగేసుకోవడం పరిష్కారం కాదు. వాళ్లు బయటికెళితే హాలు ఎవరిదవుతుందో మనకు తెలుసు. మన హాస్టళ్లలో, సంఘాల గ్రంథాలయాల్లో ఈ ఆటలు ఉండాలి. ఆడపిల్లలు ఆడాలి, గొంతు విప్పి ఆడాలి, నచ్చినవాటి గురించీ నచ్చనివాటి గురించీ రాయాలి. గంటన్నర ఆట ఎందుకు గొప్పదో వాళ్లే చెప్పాలి. ఇళ్లలో మగపిల్లలతో కూర్చుని ఆడే పెద్దలు ఒక్క నియమం పెట్టాలి. ఆటకో వంతు, సింకు దగ్గర కూడా.

ఆ రోజు నేను తిరిగి వంటింట్లోకి వెళ్లేసరికి అరిసెల గిన్నెలు తొట్టి నిండా ఉన్నాయి. వదిన చీర కొంగు దోపి కూర్చోబోతోంది. “వదినా, ఆగు” అని, హాల్లోకి తిరిగి, “అన్నయ్యా, నీ వంతు” అని పిలిచాను. నవ్వాడు, రాలేదు. ఇంకా పిలుస్తూనే ఉన్నాను.