చూసిన కన్ను – విన్న చెవి

ఎదుట ఒక మనిషిపై దాడి జరుగుతున్నప్పుడు, చేత ఆయుధం ఉన్నవాడు ఏమి చేయాలి? అడ్డుపడాలా, ఊరకుండాలా? తుపాకులు విరివిగా దొరికే దేశాలకే ఈ ప్రశ్న పరిమితమని పలువురి అభిప్రాయం. అది పొరపాటు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో పొద్దుగుంకే వేళ ఏ ఊరి పొలిమేరలో నిలిచినా, చేను నుండి కొడవలితో మరలివచ్చే కూలీ, మంద వెంట గొడ్డలి భుజాన వేసుకొని నడిచే గొర్రెల కాపరి, మొలకు కత్తి తగిలించుకొన్న గీతకార్మికుడు కనిపిస్తారు. నల్లమల చెంచులకు విల్లంబులు తరతరాల తోడు. వీరెవరూ యోధులు కారు. వారి చేతిలోనివి బతుకుదెరువుకు పనిముట్లు మాత్రమే. కాని దారిలో ఎవరైనా ఒకరిని నరుకుతూ ఉంటే, ఆ పనిముట్టే ఆయుధమవుతుంది. అది ఎవరి పక్షాన లేవాలి, ఎంతవరకు లేవాలి అన్నది ఆ క్షణంలోనే తేలవలసి ఉంటుంది.

నిష్క్రియత్వం ఎంత ఘోరమైనదో ఇటీవలి కాలం చూపింది. 2018 సెప్టెంబరులో హైదరాబాదులోని అత్తాపూర్‌లో, పట్టపగలు, నడిరోడ్డు మీద ఒక వ్యక్తిని గొడ్డలితో నరికి చంపారు. ఒకరిద్దరు వట్టి చేతులతో ఆపబోయారు. మిగిలినవారు చూస్తూ నిలిచారు. కొందరు సెల్‌ఫోన్లలో ఆ దృశ్యాన్ని చిత్రీకరించారు. 2022 మే 4న సరూర్‌నగర్‌లో కులమతాలు దాటి పెళ్లి చేసుకొన్న ఒక యువకుణ్ణి భార్య కళ్లెదుటే హతమార్చారు. కాపాడండి అని ఆమె చేసిన ఆర్తనాదం గుమిగూడిన జనాన్ని సకాలంలో కదిలించలేకపోయింది. అక్కడ కొరవడినది ఆయుధం కాదు. పదిమంది కలిసి ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే ఆయుధంతో పనియే ఉండేది కాదేమో!

ఈ మౌనాన్ని ప్రాచీన సాహిత్యం ఎన్నడూ క్షమించలేదు. కురుసభలో ద్రౌపదికి అవమానం జరిగినప్పుడు అక్కడ ఉన్నవారందరూ ఆయుధవిద్యలో ఆరితేరినవారే. భీష్మద్రోణుల బలానికి లోటు లేదు. లేచి నిలిచే మనసుకే లోటు వచ్చింది. నోరు విప్పి ఇది అధర్మమన్నవాడు చిన్నవాడైన వికర్ణుడు. ఇక రామాయణంలో జటాయువు ముసలి పక్షి. రావణుణ్ణి గెలవలేనని ఎరుగును. అయినా సీతను ఎత్తుకొనిపోతుంటే కన్నులారా చూసి ఊరకుండలేకపోయాడు. మొదట మంచి మాటలతో వారించాడు. వినకపోయేసరికి తలపడ్డాడు. రెక్కలు తెగి నేలకూలినా రాముడు వచ్చే వరకు ప్రాణం నిలుపుకొని, చూసినది చూసినట్లు చెప్పి కన్నుమూశాడు. హెచ్చరిక, ప్రతిఘటన, సాక్ష్యం – ఈ మూడూ ఆ ఒక్క చరిత్రలో క్రమం తప్పకుండా ఉన్నాయి.

కనుక ఆపదలో ఉన్నవారికి అడ్డుపడటం ధర్మమే. ఇంతవరకు సందేహం లేదు. చిక్కంతా ఆపైనే ఉంది. ఎవరు ఆపదలో ఉన్నారో, ఎవరు ఆపద తెచ్చినవారో తెలిసేదెట్లు?

2018 వేసవిలో తెలంగాణ పల్లెలను ఒక వదంతి కమ్ముకొన్నది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, అవయవాల కోసం మనుషులను చంపుతున్నాయని వాట్సాప్‌లో సందేశాలు, భయంకరమైన దృశ్యాలు గుప్పుమన్నాయి. ఊళ్లలో యువకులు కర్రలు పట్టి రాత్రులు కాపలా కాశారు. ముక్కూముఖం తెలియని ప్రతి మనిషీ దొంగగానే కనిపించాడు. ఆ మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ఇట్టి అనుమానానికే బలి అయింది. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు సంచార జాతివారిని కొట్టి చంపారు. జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి, హైదరాబాదుకు చెందిన ఒక యువ ఇంజనీరు ప్రాణాలు కోల్పోయాడు. ఒక ఊరిలో పుట్టిన అనుమానం ఫోనులో ముందుగా పరుగెత్తి, వారి కారు చేరకమునుపే మరొక ఊరికి చేరింది. దారి కాచి దాడి చేసినవారు ఆ బాటసారులను అంతకుముందు చూసినవారు సైతం కారు.

ఇక్కడ ఒక సత్యాన్ని గమనించాలి. ఆ గుంపులోని ఏ ఒక్కడూ తాను హంతకుణ్ణని అనుకోలేదు. ప్రతివాడూ తాను ఒక పసిబిడ్డను కాపాడుతున్నాననే నమ్మాడు. జటాయువును కదిలించిన ఆవేశానికీ, వీరిని ఉరికించిన ఆవేశానికీ పైకి భేదం కనిపించదు. భేదం ఒక్కటే – జటాయువు చూశాడు; వీరు విన్నారు.

విని కొట్టడంలోని అనర్థాన్ని కూడ రామాయణమే చెప్పింది. సరయూ తీరంలో చీకటివేళ నీట కుండ మునిగిన సవ్వడి విని, ఏనుగు నీరు త్రాగుతున్నదని దశరథుడు తలచాడు. శబ్దవేధి బాణం వేశాడు. అది గుడ్డివారైన తల్లిదండ్రుల కోసం నీరు ముంచుకొంటున్న కుమారుని గుండెల్లో దిగింది. విలువిద్యలో ఆయన గురి తప్పలేదు. తెలుసుకోవడంలోనే గురి తప్పింది. ఆ పాపం పుత్రశోకమై చివరి గడియలో ఆయననే చేరింది. వాట్సాప్ సందేశం ఈ కాలపు శబ్దవేధి. ఎక్కుపెట్టినవాడు ఎదుటివాని ముఖమైనా చూడడు.

ఆ గడ్డుకాలంలో గద్వాల, వనపర్తి ప్రాంతాలు మరొక దారి చూపాయి. అప్పుడు అక్కడ పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికొక కానిస్టేబులును బాధ్యునిగా నియమించి, జనంతో కలిసిమెలిసి ఉండేటట్లు చేశారు. ఎండాకాలంలో వాకిళ్లలో, ఆరుబయట మంచాలు వేసుకొని నిద్రించే జనం చీకటి పడకముందే తలుపులు బిగించుకొంటున్నారని ఆ కానిస్టేబులు పసిగట్టగలిగాడు. భయానికి మూలం ఫోనులోని వదంతి అని తెలిసింది. అంతట పోలీసులు ఊరూరా తిరిగారు. జానపద కళాకారులు డప్పు కొట్టి, పాట కట్టి, నమ్మకముందే విచారించుకోండి అని చాటారు. సర్పంచులు తోడు నిలిచారు. ఊళ్ల వాట్సాప్ బృందాలలో పోలీసులూ చేరి అబద్ధాన్ని అక్కడికక్కడే ఖండించారు. సుమారు 400 గ్రామాలున్న ఆ రెండు జిల్లాలలో వదంతి వలన ఒక్క ప్రాణం కూడ పోలేదు. పండితులను పోషించి విద్వద్గద్వాలగా పేరుపొందిన సంస్థానపు నేలకు ఇది తగిన కీర్తియే. కర్ర లేపిన చేతిని మరొక కర్రతో కాక, మాటతో దించిన విజయమిది.

చట్టం కూడ ఈ విచక్షణనే కోరుతున్నది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును వివరిస్తాయి. ఈ హక్కు తన దేహానికే కాక, దాడికి గురైన ఏ ఇతరుని దేహానికైనా వర్తిస్తుంది. పాత భారత శిక్షాస్మృతిలోని మాట కూడ ఇదే. అంటే, పరాయివాణ్ణి కాపాడటానికి చేయి ఎత్తినవాడు నేరస్థుడు కాడు. కాని రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదు. అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు చెల్లదు. దాడి భయం తొలగినంతనే హక్కూ తొలగుతుంది; పడిపోయినవాణ్ణి కొట్టడం రక్షణ కాదు, ప్రతీకారం. ఘోరనేరం చేసినవాణ్ణి సామాన్యుడు పట్టుకోవచ్చు. అయితే ఆ నేరం తన సమక్షంలో జరిగి ఉండాలి. అనవసర జాప్యం లేకుండా, ఆరు గంటలలోపుననే పోలీసులకు అప్పగించాలి. తన సమక్షంలో అన్న ఆ చిన్న మాటలోనే చూపుకూ వినికిడికీ ఉన్న దూరం ఇమిడి ఉంది. పుట్టిన చోటు, భాష, కులం వంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకు మించినవారు కలిసి ఒకరిని చంపితే, వారిలో ప్రతి ఒక్కరికీ మరణశిక్ష గాని యావజ్జీవం గాని విధించవచ్చు. గుంపులో దాగినంత మాత్రాన పాపం పంచుకుపోదు.

ఆయుధమే పరిష్కారమని వాదించేవారూ ఉన్నారు. వారి వాదాన్ని తోసివేయరాదు. 2022 జూలైలో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఒక వాణిజ్య సముదాయంలో కాల్పులు జరుపుతున్న దుండగుణ్ణి, వెంట తుపాకి ఉన్న ఇరువది రెండేళ్ల యువకుడు కొద్ది క్షణాలలోనే నేలకూల్చాడు. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. అంతకు ఏడాది ముందు, 2021 జూన్‌లో, కొలరాడో రాష్ట్రంలోని అర్వాడాలోనూ ఒక పౌరుడు ఇట్లే హంతకుణ్ణి కాల్చి ఆపాడు. కాని మరుక్షణం అక్కడికి వచ్చిన పోలీసు అధికారి, చేత తుపాకి ఉన్న ఆ రక్షకుణ్ణే దుండగుడని భ్రమపడి కాల్చివేశాడు. చేతిలో ఆయుధం ఉన్నప్పుడు రక్షకుడెవరో, భక్షకుడెవరో వచ్చినవారికి తెలియదు. వట్టి చేతులతో నిలిచినవారు లేకపోలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథ్‌లో, మా దేశం విడిచి పొండి అని అరుస్తూ ఒకడు ఇద్దరు తెలుగు ఇంజనీర్లపై కాల్పులు జరిపాడు. ఒకరు మరణించారు. వారెవరో ఎరుగని ఒక అమెరికా యువకుడు నిరాయుధుడై దుండగుణ్ణి వెంబడించి, తానే తూటాలకు గురై, అదృష్టవశాత్తు బతికాడు. తెలుగువాడు పరాయివాడైన చోట, పరాయివాడే తెలుగువానికి ఆప్తుడయ్యాడు.

ఈ మాట పాలమూరు బిడ్డలకు విడమరచి చెప్పనక్కరలేదు. తాతముత్తాతల నాటినుండి ఆ నేల కూలీలు పని వెదుక్కొంటూ ముంబై, పుణె, బెంగళూరు దాకా తట్టాబుట్టా సర్దుకొని పోయినవారే. చంకన బిడ్డ, నెత్తిన మూట, నోట వేరే భాష. పొరుగు రాష్ట్రపు ఊరివారు అనుమానంగా చూసే బాటసారి వారే. తమ ఊరికి వచ్చిన కొత్తవానిపై కర్ర లేపే ముందు, దూరదేశంలో తమ అన్నపై ఎవరో కర్ర లేపుతున్నట్లు తలచుకొంటే చాలు, ఆ చేయి ఆగుతుంది.

కావున అడ్డుపడవలసినదే, కాని అడ్డుపడే తీరు ముఖ్యం. కన్నులారా చూశానా? దాడి ఇంకా సాగుతున్నదా? కేకలు వేసి, నలుగురిని కూడగట్టి, 100కు గాని 112కు గాని ఫోను చేసి ఆపే వీలున్నదా? ఆపద తీరినంతనే చేయి దించగలనా? చూసినది న్యాయస్థానంలో చెప్పడానికి సిద్ధమేనా? ఈ ప్రశ్నలకు నిజాయితీగా బదులు దొరికినప్పుడే ఆయుధం చివరి ఆశ్రయం కావాలి.

మహాభారతంలో ఒక విప్రుని గోవులను దొంగలు తోలుకొనిపోతుంటే, విల్లు కోసం అర్జునుడు ధర్మరాజు, ద్రౌపది ఉన్న మందిరంలోకి నియమం మీరి ప్రవేశించాడు. గోవులను విడిపించాడు. తప్పు లేదని అన్న చెప్పినా వినక, నియమభంగానికి ఫలంగా తానే తీర్థయాత్రకు బయలుదేరాడు. ఆర్తుని కోసం విల్లందుకోవడం, ఆ వెంటనే ధర్మానికి తలవంచడం – ఈ రెండూ చేయగలిగినవాడే ఆయుధానికి అర్హుడు. మొదటిది మాత్రమే చేతనైనవాడు విల్లును గోడకు తగిలించి ఉంచడమే లోకానికి క్షేమం.