చేతిఫోనునకు యజమాని యెవరు?

కరీంనగరపు అంగడిలో చేతిఫోను కొనబోవువానికి రంగులు పది గలవు, వెలలు నూరు గలవు. కాని ఆ ఫోనును నడపు ఆపరేటింగ్ సిస్టమ్‌లు రెండే: గూగుల్‌వారి ఆండ్రాయిడ్, ఆపిల్‌వారి ఐఓఎస్. దీనిని స్వేచ్ఛావర్తకమని కొనియాడువారు కలరు. ఉన్న రెండు తలుపుల తాళపుచెవులును పరులచేత నుండగా అది మన యిల్లెట్లగును?

మూడవదానిని తెచ్చినవారు లేకపోలేదు. బొంబాయి ఐఐటీలో చదివిన యువకుల ఇండస్ ఓఎస్ 2015లో మైక్రోమాక్స్ ఫోనులలో వెలువడెను. ఆండ్రాయిడ్ పునాదిపైననే కట్టబడినను అది తెలుగు మొదలగు దేశభాషలకు అగ్రాసనము నిచ్చెను. 2022లో ఫోన్‌పే సంస్థ దానిని కొనెను. 2024లో అది కేవలము యాప్‌ల దుకాణముగా మరల వెలువడెను.

ధనము చాలక చెడిరందురా? మైక్రోసాఫ్ట్‌కు ధనము కొరతయా? 2014లో నోకియా ఫోనుల వ్యాపారమును కొని, మరుసటి యేడే 760 కోట్ల డాలర్లను నష్టముక్రింద వ్రాసికొనెను. దాని యధిపతి మన హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్ల! తెలివికిని కొదువ లేదు.

కారణము వేరు. కొనువారు లేరని యాప్‌లు చేయువారు రారు. యాప్‌లు లేవని కొనువారు రారు. ఈ విషవలయమునకు తోడు బలవంతుల కట్టడులు. ఆండ్రాయిడ్ విషయమున ఆధిపత్యమును దుర్వినియోగపరచెనని భారత కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌పై 1337.76 కోట్ల రూపాయల జుల్మానా విధించెను. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కొన్ని యాదేశములను కొట్టివేసినను జుల్మానాను నిలిపెను.

“ప్రజలే మేలైనదాని నేరుకొనిరి” అని ప్రతివాదులు పలుకుదురు. ఆ రెండును మేలైనవే కావచ్చును. కాని వేరొకదానిని కొన్నవాని బ్యాంకు యాప్ తెరువబడనిచో, ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారియని వానిని నవ్వినచో, అది యెన్నిక యెట్లగును? నిర్బంధమే యగును.

ఆదిలాబాదు జిల్లా గుంజాలలో వెలుగుచూచిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌నందు స్థానము లభించెను. అయినను ఆ లిపి గోండు బాలుని ఫోనులో మీటలపై కెక్కుటయు మానుటయు దూరదేశపు వర్తకుల లాభనష్టముల లెక్కపై నాధారపడవలసినదేనా?

జుల్మానాలతో తలుపులు తెరువబడవు. ప్రజల పన్నులతో నడచు ప్రతి సేవయు ఏ ఫోనునందైనను, ఏ బ్రౌజరునందైనను పనిచేయవలెనని ప్రభుత్వము శాసింపవలెను. అప్పుడు చిన్న వ్యవస్థను కొన్నవాడు వెలివేయబడడు. దానిని చేయువానికి ధైర్యము కలుగును. ఈ కోరికను ప్రతి పఠనమందిరమునుండి శాసనసభ్యుల చెవిని వేయుట మన విధి. అడుగనిదే అమ్మయైనను పెట్టదు, వర్తకుడు పెట్టునా?