బండిల్లు ఉరిసినప్పుడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. చక్రాల మీద తిరిగే ఇల్లొకటి ఉంటుందని వారికి తెలిసినట్టు లేదు. తెలిసి ఉంటే ఆ వరసలో మూడోదాన్ని కూడా తప్పక చేర్చేవారు. అమెరికాలో మోటార్‌హోమ్ అని పిలిచే ఈ వాహనానికి మా ఇంట్లో స్థిరపడ్డ పేరు బండిల్లు. బండి, ఇల్లు కలిస్తే బండిల్లు. ఇత్వసంధి అని సరిపెట్టుకోండి. మా నాన్న మాత్రం చూసిన మొదటిరోజు నుంచీ దాన్ని బస్సు అనే అంటారు. ఏ వాహనాన్ని ఏమని పిలవాలో చెప్పే అధికారం ఆయనకు నాకన్నా ఎక్కువే ఉంది. అది ఎలా వచ్చిందో కొంచెం ముందుకు పోయాక చెబుతాను.

ఒహాయోలో ఉంటున్న మేము 2019లో ఒక పాత బండిల్లు కొన్నాం. 2004 నాటిది. ముందు సగం వ్యాను, వెనక సగం ఇల్లు. డ్రైవరు తల మీదుగా ముందుకు పొడుచుకొచ్చిన ఒక అటక, ఆ అటకలో ఒక పడక. ఇక్కడివారి లెక్కలో బస్సంత పెద్దది ఎ తరగతి, వ్యానులోనే ఇమిడిపోయేది బి తరగతి, మాలాంటి అటక బండి సి తరగతి.

ఈ టపా ఆ బండి వైభవాన్ని వర్ణించడానికి కాదు. దాన్ని ఎవరు బాగుచేసుకోవాలన్నదే ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చిన్న మరమ్మతులు యజమాని తన చేతులతో తానే చేసుకోవాలి. డబ్బు మిగులుతుంది, నిజమే. అంతకన్నా ముఖ్యం, చేసుకోనివాడికి తన బండి ఎన్నటికీ తెలియదు. ఈ మాట అనడానికి నాకున్న అర్హత మాత్రం స్వల్పం. ముప్ఫయ్యెనిమిదేళ్ళు నిండేవరకూ నేను పానా పట్టి ఎరుగను. అందుకు కారణం మా నాన్నే.

ఆయన గుంటూరు జిల్లాలో ఒక ఆర్టీసీ డిపోలో ముప్ఫయ్యేళ్ళకు పైగా మెకానిక్‌గా పనిచేశారు. ఆయన వేళ్ళ గీతల్లో నలుపు ఎంత రుద్దినా పోయేది కాదు. పెళ్ళిళ్ళకు వెళితే ఆ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. నా సైకిలు చైను ఊడితే తానే వచ్చి వేసేవారు తప్ప నన్ను ముట్టుకోనిచ్చేవారు కారు. "నువ్వు పుస్తకం పట్టుకో, ఇది నేను పట్టుకుంటా" అనేవారు. నేను బుద్ధిగా పుస్తకమే పట్టుకున్నాను. దాని ఫలితం, సముద్రాలు దాటి వచ్చి బండిల్లు కొనుక్కున్నాక కూడా మరమేకును ఎటు తిప్పితే బిగుస్తుందో ఒక క్షణం ఆగి ఆలోచించవలసిన దుస్థితి.

బండిల్లంటే ఏమిటో ఒకసారి ఊహించండి. గంటకు 60 మైళ్ళ వేగంతో పోతున్నంతసేపూ ఆ ఇంటికి భూకంపమే. ప్రతి అతుకూ, ప్రతి మరమేకూ కదులుతూనే ఉంటుంది. అందులో రెండు విద్యుత్ వ్యవస్థలు: బ్యాటరీ మీద నడిచే 12 వోల్టులది ఒకటి, గోడ ప్లగ్గు మీద నడిచే 120 వోల్టులది మరొకటి. పొయ్యికీ, వేడినీళ్ళకూ ప్రొపేన్ గ్యాసు. మంచినీటికొక తొట్టి, మురుగుకు రెండు. ఇన్ని పెట్టుకున్న ఇల్లు ఏడాదిలో అధికభాగం కదలకుండా ఎండలో, మంచులో నిలబడి ఉంటుంది. నడిచినందువల్ల చెడేదానికన్నా నిలిచినందువల్ల చెడేదే అందులో ఎక్కువ.

టైర్లనే చూడండి. వాటి గాడులు లోతుగా కనబడుతున్నాయని మొదటి ఏడాది నిశ్చింతగా తిరిగాను. టైరు పక్కగోడ మీద చివర నాలుగంకెలు ఉంటాయని, 2311 అంటే 2011లో 23వ వారం తయారైనదని తరువాత తెలిసింది. మావి ఎనిమిదేళ్ళు పైబడిన ముసలి టైర్లు. బండిల్లు టైరు అరిగి కాదు, వయసు మీరి పేలుతుంది. ఆ నాలుగంకెలు చదవడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు, వంగి చూడటం తప్ప.

బ్యాటరీ సంగతీ అంతే. మామూలు సీసం బ్యాటరీ నిండుగా ఉంటే కొలమానంలో 12.6 వోల్టులు కనబడతాయి. 12.1 దగ్గరికి వస్తే సగం అయిపోయినట్టు. అంతకు దిగువకు తరచూ పోనిస్తే ఆయుష్షు తరిగిపోతుంది. ఇది తెలియక ఒక బ్యాటరీని చేజేతులా చంపాను. ఆ పాపపరిహారంగా చేసిన మొదటి మార్పు దీపాలు. లోపల పది పాత బల్బులు, ఒక్కొక్కటి 18 వాట్లు. పదీ వెలిగితే 15 ఆంపియర్లు లాగేవి. 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో వాడుకోదగిన సగం మూడు గంటలకే ఖాళీ. వాటి స్థానంలో 3 వాట్ల ఎల్ఈడీలు పెట్టాక పదింటికీ కలిపి రెండున్నర ఆంపియర్లే. అంటే అదే బ్యాటరీ 20 గంటలు వస్తుంది. పాత బల్బు తీయడం, కొత్తది పెట్టడం, ఇంతే పని. ఈ బండిళ్ళలో ఇంతకన్నా సులువైన, ఇంతకన్నా లాభసాటి మార్పు మరొకటి నాకు తెలియదు.

వేడినీళ్ళ తొట్టి ఉక్కుదైతే దానిలో మెగ్నీషియం కడ్డీ ఒకటి బిగించి ఉంటుంది. నీళ్ళు తొట్టిని తినెయ్యకుండా ముందు ఆ కడ్డీని తింటాయి. ముప్పాతిక వంతు కరిగాక మార్చాలి. మొదటిసారి విప్పినప్పుడు, పురుగు తిన్న వేపపుల్లలాంటి తీగ బయటికి వచ్చింది. అది ఎన్నేళ్ళుగా ఆ తొట్టిని ఒంటరిగా కాపాడుతూ వచ్చిందో!

చలికాలపు పని ఇంకొకటి. గడ్డకట్టే నీరు 9 శాతం దాకా ఉబ్బుతుంది. గొట్టంలో మిగిలితే పగలగొట్టి తీరుతుంది. కనుక నీళ్ళు మొత్తం వంచేసి, గులాబీరంగు ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవం ఎక్కించాలి. కారు ఇంజనులో పోసే ద్రవంలో సాధారణంగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, అది విషం; తాగునీటి గొట్టాల దగ్గరికి రానీయకూడదు. అన్నీ సక్రమంగా చేసి, బండి బయట స్నానానికి పెట్టిన చిన్న కుళాయిని మరిచిపోయాను. వసంతంలో అక్కడినుంచే ఫౌంటెను లేచింది.

ఇన్ని తప్పుల తరువాత నాకు బోధపడింది ఒకటే. మరమ్మతులో ముక్కాలు భాగం చూడటం, మిగిలింది చేయి చేసుకోవడం. మరమ్మతుశాలకు వదిలేసేవాడు ఆ ముక్కాలు భాగాన్ని కూడా డబ్బిచ్చి పోగొట్టుకుంటాడు.

ఇక అటక సంగతి. 2022 వేసవిలో పడక మూల తడివాసన మొదలైంది. ఇల్లు ఉరుస్తోంది. ఒక పెద్ద మరమ్మతుశాలకు తీసుకుపోతే అయిదు వారాలు ఆగమన్నారు, ముందు గోడ మొత్తం విప్పాలన్నారు. గంటకు నూట యాభై డాలర్ల పైమాట. నేనే చూద్దామని నిచ్చెన ఎక్కాను. అప్పుడు నాన్న మా దగ్గరే ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి, కింద నిలబడి కాసేపు చూసి, "దీనికోసమేనా నిన్ను చదివించింది?" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు ఆయన ఆ ప్రసక్తే తేలేదు. మూడోరోజు వాన పడుతుంటే తానే లోపలికి వచ్చి, అటక ఎక్కి, చెక్క మీద అరచెయ్యి ఆనించి, అంగుళం అంగుళం జరుపుతూ పోయారు. "టార్చి పట్టుకురా" అన్నారు. మరక ఉన్నచోట చూడనే లేదు, దానికి మూడడుగుల పైన చూశారు. "బస్సు టాపు కారిన చోట మరక పడదురా, మరక పడ్డచోట కారదు. నీళ్ళు తోవ వెతుక్కుని వస్తాయి."

బండి నొసట వరుసగా అయిదు చిన్న దీపాలుంటాయి. వాటిలో ఒకదాని కింది అతుకు ఎండి బీటలు వారింది. మునుపటి యజమాని దానిమీద సిలికాన్ పులిమి చేతులు దులుపుకున్నాడు. సిలికాన్ మీద మరో జిగురు అంటుకోదు. పైగా లోపలికి పోయిన నీటిని బయటికి రానివ్వదు. దీపం విప్పి, పాత పొరనంతా ప్లాస్టిక్ గరిటెతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి, బ్యూటైల్ టేపు పరిచి మళ్ళీ బిగించాలి. ఈ టేపు మన కిటికీలకు పెట్టే లప్పంలాంటిదే, కాకపోతే గట్టిపడకుండా ఏళ్ళతరబడి మెత్తగా ఉంటుంది. పులిమినది కప్పిపెట్టడం, గీకి వేసినది మరమ్మతు. ఖర్చు ఇరవై డాలర్ల లోపు, సమయం ఒక పూట. నాన్న నిచ్చెన పట్టుకుని చెబుతూ ఉన్నారు, నేను చేశాను.

ఇక్కడితో ముగిస్తే ఇది చక్కని కథ అవుతుంది. కాని నాన్న అడిగిన ప్రశ్న అలాగే మిగిలి ఉంది, దాన్ని దాటవేయడం నాకు న్యాయంగా తోచదు. నేను ఆదివారం సరదాకు పట్టే పానా, ఆయన బతుకుతెరువుకు పట్టిన పానా ఒకటి కావు. నాకు విసుగు పుడితే కింద పెట్టేయగలను. అమెరికాలో సొంతంగా బాగుచేసుకోవడం గౌరవం కావడానికి ఒక కారణం, ఇక్కడ పనివాడి గంట ఖరీదైనది. మన దగ్గర ఆ గంట చవక. చవకైన గంటతోపాటు మనిషిని కూడా చవక చేసుకున్నాం. ఏ చేతులు ఏ పని చేయాలో పుట్టుకతోనే రాసిపెట్టిన సమాజం మనది. ఇక్కడ మంచం బిగించుకున్న ఫోటో ఊరందరికీ చూపే మనమే, సెలవులకు వెళ్ళినప్పుడు ఇంటికొచ్చిన ప్లంబరుకు కుర్చీ వేయం. చేతిపనిని పొగిడి, చేసేవాడిని నిలబెట్టే మాట్లాడితే, ఆ పొగడ్త కూడా సిలికాన్ పూతే.

కనుక చేతిపని ఆత్మకు మంచిదంటూ తత్త్వం చెప్పను. చేసి చూస్తే చేసేవాడి విలువ తెలుస్తుంది, అంతవరకు చెప్పగలను. నేను ఒక పూట తిప్పలు పడి చేసినదాన్ని నాన్న అరచేత్తో కనిపెట్టారు. ఆ అరచెయ్యి వెనక ముప్ఫయ్యేళ్ళున్నాయి. దాన్ని పెళ్ళిళ్ళలో వెనక్కి దాచుకునేలా చేసినవాళ్ళలో, ఏమీ అనకపోయినా, నేనూ ఉన్నాను.

హద్దు కూడా చెప్పాలి. గ్యాసు గొట్టాలు, బ్రేకులు, 120 వోల్టుల తీగలు నేను ముట్టను. గ్యాసు కీళ్ళ దగ్గర సబ్బునీళ్ళు పూసి బుడగలు వస్తున్నాయేమో చూస్తాను. వస్తే కవాటం కట్టేసి, తెలిసినవాడిని పిలుస్తాను. ప్రొపేన్ గాలికన్నా బరువు, నేలబారున చేరుతుంది. అందుకే దాన్ని పసిగట్టే పరికరం గోడ అడుగున ఉంటుంది. ఆ పరికరానికీ ఆయుష్షు ఉంది, వెనక తేదీ చూసుకోవాలి. గ్యాసు మీద నడిచే ఫ్రిజ్జుది మరీ విచిత్రం. 1922లో స్వీడన్‌లో ఇద్దరు విద్యార్థులు, ఫాన్ ప్లాటెన్, మున్టర్స్, కల్పించిన ఆ పద్ధతిలో కదిలే భాగమే ఉండదు. మంట పెడితే చల్లబడుతుంది. లోపల అమ్మోనియా, హైడ్రోజన్. బండిని సమతలంగా నిలపడం వరకే నా పని, విప్పడం కాదు. నాన్న షెడ్డులో బ్రేకు బిగించినవాడు ఒకడైతే సరిచూసేవాడు ఇంకొకడట. ఒంటరిగా పనిచేసేవాడికి ఆ రెండోవాడు ఉండడు. అది ఎప్పుడూ గుర్తుంచుకోవాలి.

విప్పే హక్కు గూర్చి చట్టాలూ ఉన్నాయి. తమ సొంత విడిభాగమే వాడితేనే వారంటీ చెల్లుతుందని తయారీదారులు షరతు పెట్టకుండా అమెరికాలో 1975 నుంచే ఒక చట్టం అడ్డుపడుతోంది. కార్ల మరమ్మతు సమాచారం బయటివారికీ ఇవ్వాలని మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో చట్టం చేసింది. భారత ప్రభుత్వం కూడా 2022లో మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ తెరిచింది. మంచిదే. అయితే హక్కు కాగితం మీద ఉండి, పానా పట్టే చెయ్యి లేకపోతే, ఆ హక్కు తాళంచెవి పోయిన పెట్టెలాంటిది.

ఆ రోజు పని మొదలుపెట్టబోతుంటే నాన్న లోపలినుంచి సబ్బుబిళ్ళ తెచ్చి ఇచ్చారు. "గోళ్ళతో దీన్ని గీకు. గోళ్ళ సందుల్లో సబ్బు నిండితే నలుపు ఎక్కదు." ముప్ఫయ్యేళ్ళు ఆయనకు తెలిసిన కిటుకు. ఆ కిటుకు నాకు అవసరపడకూడదనే కదా ఆయన ఇన్నాళ్ళూ చెప్పనిది!

ఇప్పుడాయన గుంటూరులో ఉన్నారు. ఇక్కడ వాన పడిందని తెలిస్తే ఫోను చేస్తారు. పిల్లల కుశలం తరువాత. ముందు అడిగేది, "అటక పొడిగా ఉందా?"